కుళాయి కింద కాగితం

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం సాఫ్ట్‌నర్ కొనడం కోసం మొదలుపెట్టాను. ఉప్పునీళ్లను మెత్తటి నీళ్లుగా మార్చే యంత్రాలు బజార్లో ఎన్ని రకాలున్నాయో, దేనిలో ఏ లోపముందో రాసుకుని ఒకటి తేల్చడానికి. అంతేగాని, రోజూ ఒక పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో రాయమని డాక్టరు చెప్పినందుకు కాదు. డాక్టర్లు సవాలక్ష చెప్తారు.

పుస్తకాన్ని పనిముట్ల సంచిలో పెద్ద పానా కింద పెడుతున్నాను. ఆ సంచి జోలికి మా ఆవిడ ఏనాడూ రాలేదు.

అసలు సంగతి, ఆవిడ వేళ్లు మళ్లీ పగిలాయి. మా బోరు నీళ్లలో సున్నం మరీ ఎక్కువ. గిన్నెల మీద తెల్ల పొర, కెటిల్లో పెచ్చులు, స్నానం చేసొస్తే ఒళ్లంతా పిండి చల్లినట్టుంటుంది. ఇన్నాళ్లూ ఎలాగో సర్దుకున్నాం. కానీ ఆవిడది కుట్టుపని. నాటకశాల వాళ్లు కొత్త తెర అంచంతా పట్టుదారంతో కుట్టివ్వమన్నారు, నెలాఖరు గడువు. పగిలిన వేలికి పట్టుదారం తగులుకుని పోగు లేస్తోంది. లేచిన చోటల్లా విప్పి మళ్లీ కుట్టాలి. ఇవాళ కుట్టిన దానికన్నా విప్పిందే ఎక్కువ.

"ముప్ఫై ఎనిమిదేళ్లు ఊరందరి నీళ్లూ బాగుచేశారు. మనింటి నీళ్లు మాత్రం మీకు కనబడవు," అంది.

"కనబడక కాదు. పుస్తకం కూడా కొన్నాను."

"పుస్తకంతో గిన్నెలు తోముకోనా?" అంది.

మార్చి 4, మంగళవారం

సబ్బు పరీక్ష చేశాను. సీసాలో సగం నీళ్లు, గోరంత సబ్బు తురుము, మూతపెట్టి ఊపాలి. మంచి నీళ్లయితే నురగ సీసా మెడదాకా లేస్తుంది. మావి పాలు విరిగినట్టు తెట్టు కట్టాయి. సీసా బాగానే ఊపాను. ఊపడంలో నాకే ఇబ్బందీ లేదు.

ఈ రోజు నుంచి గిన్నెలు నేను తోముతానని ప్రకటించాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో చూసింది.

మార్చి 6, గురువారం

మా తోడల్లుడొచ్చాడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. బ్యాంకులో పని చేసి రిటైరయ్యాడు గాని ఇప్పటికీ కౌంటరు అవతలివాళ్లతో మాట్లాడుతున్నట్టే మాట్లాడతాడు. వాళ్లింట్లో సాఫ్ట్‌నర్ పెట్టించారట. ఇక ఆగుతాడా.

"అన్నయ్యగారూ, సబ్బు ఇలా తాకితే చాలండి, నురగే నురగ. మొన్న నేను బాత్రూంలోంచి బయటికి రావడానికి దారి వెతుక్కోవాల్సి వచ్చింది."

"ఎవరు బిగించారు?" అన్నాను.

"మీ శిష్యుడే. అరగంటలో అయిపోయింది. మీకేం లెండి, మీరే బిగించుకుంటారు. గురువుగారింట్లో ఇంకొకరు పానా పట్టే ధైర్యం ఎవరికుంది?"

"అదేగా," అన్నాను.

అదేగా మరి. ప్లంబర్ల సంఘం మీటింగులో నేనే అన్నాను ఒకప్పుడు, నేను బతికుండగా నా ఇంట్లో ఇంకో ప్లంబరు పానా పట్టడని. అందరూ చప్పట్లు కొట్టారు.

టీ తాగుతుంటే కప్పూ సాసరూ గలగలలాడాయి. ఈ టేబుల్ ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క పెట్టాలి.

మార్చి 7, శుక్రవారం

టేబుల్ కాలి కింద అట్టముక్క పెట్టాను.

మార్చి 8, శనివారం

ఇంకో అట్టముక్క పెట్టాను.

మార్చి 9, ఆదివారం

మా ఇంట్లో ఒక అలవాటుండేది. పొద్దున టీ తాగాక, మా ఆవిడ సూదుల దిండు తెచ్చి నా ముందు పెట్టేది. పన్నెండు సూదులకు పన్నెండు రంగుల దారాలు ఎక్కించి గుచ్చేవాణ్ణి. ఆవిడకు దగ్గర చూపు తక్కువ. పెళ్లయిన కొత్తలో మొదలైంది, పేపరు చదవడం కన్నా ముందు ఆ పని. కొత్త సంవత్సరం వచ్చినప్పటి నుంచి మానేశాను. కళ్లజోడు మార్చాలి. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వీలు చిక్కట్లేదు.

ఇవాళ ఆవిడ ఒక చిన్న తీగ సాధనం చూపించింది. సూది బెజ్జంలో ఆ తీగ దూర్చి, దాంట్లో దారం పెట్టి లాగితే వచ్చేస్తుంది.

"ఎంత బాగుందో చూడండి. ఇక మీరు శ్రమపడక్కర్లేదు."

"నా ఉద్యోగం ఊడగొట్టావన్నమాట," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వు ముందు ఆగింది.

మార్చి 11, మంగళవారం

బజారంతా కాలికి బలపం కట్టుకుని తిరిగాను. చూసినవి, వాటి గుణగణాలు:

పైపు చుట్టూ అయస్కాంతం బిగించే రకం. ఉప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు అన్నాడు షాపువాడు. పనిచేయడం కూడా అక్కర్లేదనుకుంటాను. నీళ్లు అయస్కాంతం పక్కనుంచి వెళ్లినంత మాత్రాన సున్నం బుద్ధి తెచ్చుకుంటుందట. ఎవరి చెవిలో పెడతాడు పువ్వు?

ఒక్క కుళాయికి తగిలించే చిన్న సిలిండరు. బిగించడం సులువు, చేత్తో తిప్పితే చాలు. కానీ ఒక్క కుళాయికే. తక్కిన ఇల్లు ఏం పాపం చేసింది?

పెద్దది, ఉప్పుతో నడిచేది. తొట్టిలో రెజిన్ పూసలుంటాయి. నీళ్లలోని సున్నాన్ని అవి పట్టుకుంటాయి, వారానికోసారి ఉప్పునీళ్లతో వాటిని అదే కడుక్కుంటుంది. ఇది నిజంగా పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ పొడుగెక్కువ.

అదే రకం, పొట్టిది. కానీ లావెక్కువ.

అదే రకం, పొడుగూ లావూ సరిపోయింది. మూత రంగు బాగాలేదు.

మార్చి 12, బుధవారం

గిన్నెలు తోముతుంటే రెండో కప్పు పగిలింది. సబ్బు జారుడుకి.

పైన నాలుగో తేదీన మా నీళ్లలో సబ్బు నురగే కట్టదని రాసి ఉంది. నురగ కట్టకపోయినా జారొచ్చు. అది వేరే విషయం.

మార్చి 14, శుక్రవారం

మా శిష్యుడి షాపుకి వెళ్లాను. ఇరవై ఏళ్ల క్రితం నా దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు అద్దాల తలుపుల షాపు, వెనక గోడౌను. నేను లోపలికి రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కొనడానికొచ్చిన వాళ్లందరికీ నన్ను చూపించి, "ఈయనే మా గురువుగారు. మొదటిరోజు ఈయన నేర్పిందే ఇవాళ్టికీ మావాళ్లకు నేర్పుతా. నట్టుని మొదట వెనక్కి తిప్పు, టక్కుమని కూర్చుంటుంది, అప్పుడు ముందుకి తిప్పు. అలా చేస్తే లోపలి చుట్ల మర ఎప్పుడూ తప్పదు," అన్నాడు.

నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మా ఇంటికి సరిపోయే సాఫ్ట్‌నర్ ఒకటి చూపించాడు. పొడుగు బాగుంది, లావు బాగుంది, మూత తెల్లగా ఉంది. లోపం వెతకడానికి నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. దొరకలేదు. "ఇత్తడి ఎలా ఉందో మీరే చూడండి గురువుగారూ" అని ఒక నట్టు, దాని జత ముక్క నా చేతికిచ్చాడు. నట్టు చేతిలోంచి జారి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. వాడే వంగి తీశాడు.

"ఈ కౌంటరు మరీ నున్నన గురువుగారూ, అన్నీ జారిపోతుంటాయి."

కౌంటరు నిజంగానే నున్నన. నేను కూడా గమనించాను.

"నేనొచ్చి బిగించనా? మీకెందుకు శ్రమ."

"ఏం, నా చేతులకేమైంది?" అన్నాను. కొంచెం గట్టిగా అన్నాననుకుంటాను. కొనడానికొచ్చిన వాళ్లు ఇటు చూశారు. వాడు తలొంచుకుని బిల్లు రాసుకున్నాడు.

మార్చి 15, శనివారం

ఇవాళ రాయడానికేం లేదు.

మార్చి 17, సోమవారం

పెట్టె వచ్చింది. వంటింట్లో పెట్టాం. మంచి రోజు చూసి బిగిస్తానన్నాను.

మా ఆవిడ ఎడమ చూపుడువేలికి గుడ్డపీలిక కట్టుకుంది. తెర అంచు మూడో వంతు కూడా కాలేదు.

మార్చి 19, బుధవారం

పెట్టె అలాగే ఉంది. ఆవిడ దాని మీద పూలకుండీ పెట్టింది. "ఎలాగూ ఉండేలా ఉందిగా, అందంగానైనా ఉంటుందని," అంది.

మోకాలు నొప్పిగా ఉందని చెప్పాను. కుడి మోకాలు. మధ్యాహ్నం ఎడమ కాలితో కుంటుతున్నానని ఆవిడ గుర్తుచేసింది.

మార్చి 22, శనివారం

ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. మధ్యాహ్నం మూడు దాకా రానంది. ఇంతకన్నా మంచి రోజు రాదనుకుని పని మొదలుపెట్టాను.

నీళ్లు కట్టేశాను. పాత పైపు కోశాను. నీళ్లు కారకుండా మర మీద టేపు చుట్టాను, కొంచెం ముడతలు పడింది. నట్టు పెట్టి వెనక్కి తిప్పాను. టక్కుమనలేదు. మళ్లీ తిప్పాను. మనలేదు. ఎక్కడ కూర్చుందో వేళ్లకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది, నట్టు ఒక పక్క వణుకుతుంటే, వేళ్లు ఇంకో పక్క వణుకుతుంటే.

రాసేశాను. సరే, ఉండనీ.

ఎలాగో ముందుకి తిప్పి పానాతో బలంగా బిగించాను. మర తప్పి ఎక్కిందని నాకు తెలుసు. తెలిసే నీళ్లు వదిలాను. నట్టు ఊడి గోడకు తగిలింది. నీళ్లు వంటింటి గుమ్మం దాటి ముందుగదిలోకి, టేబుల్ మీదున్న నాటకశాల తెర మీదికి చిమ్మాయి. ఒక్క ఉదుటున వెళ్లి వాల్వు కట్టేశాను. అది మాత్రం చెయ్యి మర్చిపోలేదు.

తెరను తుడిచాను, ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆరేదాకా బాగానే ఉంది. ఆరాక ముదురెరుపు గుడ్డ మీద తెల్లటి సున్నపు మచ్చలు తేలాయి, అరచేతి వెడల్పున, పదో పన్నెండో.

ఆవిడ వచ్చేసరికి నేను నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుతున్నాను.

"పైపు పాతబడింది. పగిలింది," అన్నాను.

ఆవిడ నేల మీద పడున్న నట్టు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, లోపల గీసుకుపోయిన మరను చూసింది. బల్ల మీద పెట్టింది. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో ఒక్కొక్క మచ్చా అద్దుతూ కూర్చుంది. పగిలిన వేళ్లకు వెనిగర్ మంట. నేనద్దుతానంటే ఇవ్వలేదు. నేనిచ్చేవాణ్ణి కాదు ఆవిడ స్థానంలో ఉంటే.

మార్చి 23, ఆదివారం

పొద్దున టీ కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నా కప్పు సగమే నింపింది. చాలా రోజులుగా సగమే నింపుతోందని ఇవాళ చూశాను.

"చెప్తారా, నన్నే చెప్పమంటారా?" అంది.

ఆ సగం కప్పూ ఒక్క గుక్కలో తాగేశాను.

"సూదులు మానేసిన వారంలోనే తెలుసు నాకు. కళ్లజోడు మారాలన్నారు. పేపర్లో చీమ తలకాయంత అక్షరాలు చదువుతారు, సూది బెజ్జం మాత్రం కనబడదా?"

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని. ఆ తీగ కోసం నాలుగు షాపులు తిరిగాను, మీరు దేనికీ మొహమాటపడకుండా ఉండాలని."

అప్పుడు చెప్పాను. డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లానని. ప్రాణానికేం కాదన్నాడని, కానీ వణుకు పూర్తిగా పోదన్నాడని. అక్షరాలు చిన్నవైపోతున్నాయి, రోజూ పెద్దగా రాయమన్నాడని. ఈ పుస్తకం సంగతి కూడా చెప్పాను. చదవనని మాటిచ్చింది. తర్వాత, "కప్పుల గురించి రాశారా?" అంది.

"రాశాను. సబ్బు జారుడని."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఆవిడ వేళ్లు నా చేతి మీద ఉన్నాయి, గరుకుగా, గీతలు గీతలుగా. నాకు చచ్చేంత సిగ్గేసింది. మూడు వారాలు ఈ వేళ్లు పగులుతుంటే నేను మూత రంగు బాగాలేదని రాసుకుంటూ కూర్చున్నాను.

"శిష్యుణ్ణి పిలుద్దాం. రేపే రమ్మంటాను," అన్నాను.

"ఎందుకు? ఇంకో ప్లంబరు పానా పట్టకూడదనేగా మీ పంతం. నేను ప్లంబర్ని కాదుగా."

మార్చి 24, సోమవారం

ఇవాళ్టిది పూర్తిగా రాసుకోవాలి.

పొద్దున పది గంటలకు మొదలుపెట్టాం. చెడిపోయిన నట్టుకి బదులు కొత్తది శిష్యుడి షాపు నుంచి నేనే తెచ్చాను. ఎందుకని వాడు అడగలేదు. రెండిచ్చాడు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ చీర కొంగు బిగించి, కళ్లద్దాలు ముక్కు మీదికి దింపి, నా పానా చేత్తో పట్టుకుని నిలబడింది. ఆ పానా ఇంకొకరి చేతిలో చూడటం అదే మొదలు. మొదటి అయిదు నిమిషాలు పన్ను పీకించుకుంటున్నట్టే ఉంది.

"ముందు టేపు. మర మీద ఏ వైపు చుట్టాలంటే..." అని మొదలుపెట్టాను.

"నట్టు ఇటు తిరుగుతుందిగా. టేపూ ఇటే చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు విప్పుకుపోతుంది. దారం సంగతి నాకు చెప్తారా?" అంది.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లు పద్నాలుగు మంది. ఈ ఒక్క విషయం బుర్రకెక్కడానికి ఒక్కొక్కడికి నెలేసి పట్టింది. పైగా ఆవిడ చుట్టిన టేపు చూస్తే ముడత లేదు, మందం ఎక్కడా తేడా లేదు, కొత్త దారపుండలా ఉంది. నా జన్మలో అంత నీటుగా చుట్టలేదు. ఆ మాట పైకే అన్నాను. ఆవిడ మెడ కొంచెం నిటారైంది.

తర్వాత నట్టు.

"ముందుకి తిప్పకు. మొదట వెనక్కి తిప్పు. మెల్లగా. వేళ్లతో విను."

"వేళ్లతో వినడమేంటి?"

"కుట్టేటప్పుడు సూది గుడ్డలోంచి దిగింది లేనిది నీకెలా తెలుస్తుంది?"

ఆవిడ కళ్లు మూసుకుంది. వెనక్కి తిప్పింది. కొంచెం. ఇంకొంచెం.

"పడింది," అంది.

నాకూ వినబడింది. లేక వినబడిందనిపించిందో. ముందుకి తిప్పితే నట్టు వెన్నలా ఎక్కింది.

రెండో నట్టు దగ్గర తగువు పడ్డాం. ఇంకా బిగించమంటే చాలంది. చాలదన్నాను. "దారం మరీ లాగితే తెగుతుంది" అంది. "ఇది దారం కాదు, ఇత్తడి" అన్నాను. "అరవకండి, అరిస్తే నా చెయ్యి వణుకుతుంది" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ నాలుక కరుచుకుంది. నేను పగలబడి నవ్వాను, స్టూలు మీంచి పడబోయేంత. నిజంగా నవ్వొచ్చింది, నటన కాదు. ఇన్ని నెలలు దాచిపెట్టిన మాట ఇంట్లో మామూలు మాటైపోయింది.

ఆవిడన్నట్టే అంతటితో ఆపాం.

తొట్టిలో ఉప్పు పోశాం. వాల్వు తిప్పే పని నాకిచ్చింది. అది పెద్ద పిడి, దానికి వణుకు అడ్డం రాదు. నీళ్లు బుసబుసమంటూ వచ్చాయి, యంత్రం పిల్లిలా గుర్రుమంది, కాసేపటికి సద్దుమణిగింది.

సబ్బు పరీక్షకు సీసా నా చేతికిచ్చింది. "ఇది మాత్రం మీరే చేయాలి. ఈ పనికి మీ చేతిని మించింది లేదు," అంది. ఊపాను. నిజానికి పట్టుకుంటే చాలు. నురగ సీసా మెడదాకా వచ్చి మూతను తాకింది.

ఆవిడ చేతులు కడుక్కోవడం మొదలుపెట్టి ఆపదే. సబ్బు పోలేదంటుంది. పోయింది, మెత్తటి నీళ్లు అలాగే జారుడుగా ఉంటాయని చెప్పాను. "ఇన్నాళ్లూ కడుక్కున్నది ఏంటి మరి?" అంది.

చివరగా కుళాయి కింద, నట్ల కింద పాత పేపరు పరిచాను. పని అయ్యాక నేనెప్పుడూ చేసేదే. తుడిచిన నేల మీద చుక్క కనబడకపోవచ్చు, కాగితం మాత్రం దాచదు. తెల్లారి కాగితం పొడిగా ఉంటేనే గోడ మీద పెన్సిల్‌తో తేదీ వేసి, కింద ఒక గీత గీస్తాను. ఈ ఊళ్లో చాలా గోడల మీద ఆ గీత ఉంది.

మార్చి 25, మంగళవారం

కాగితం పొడిగా ఉంది.

నాకన్నా ముందు ఆవిడ లేచి చూసింది. నేను లేచేసరికి పేపరు ముందు గొంతుక్కూర్చుని, మూలమూలలా వేలితో తడుముతోంది. పెన్సిల్ తెచ్చి ఆవిడకిచ్చాను. తేదీ వేసింది, గీత గీసింది. కొలబద్ద పెట్టి గీసినట్టుంది.

"మీరు?" అని పెన్సిల్ నా చేతిలో పెట్టింది.

"పని చేసింది నువ్వు."

"చెప్పింది మీరు."

దాని కింద నా గీత గీశాను. వానపాములా వచ్చింది. చెరిపి మళ్లీ గీయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఉండనిమ్మంది.

మధ్యాహ్నం శిష్యుడికి ఫోన్ చేశాను. నీ కౌంటరు నున్నన కాదురా అన్నాను. వాడు, "సంఘంలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేవాళ్లు లేరు గురువుగారూ, వారానికి రెండు రోజులు వస్తారా? మీరు స్టూలు మీద కూర్చుని చెప్తే చాలు," అన్నాడు. స్టూలు సంగతి వాడికెలా తెలిసింది? మా ఆవిడ వంటింట్లోకి జారుకుంది.

మార్చి 31, సోమవారం

తెర ఇచ్చేశాం. వేళ్లు పూర్తిగా మానలేదు గాని నాలుగు రోజులుగా పోగు లేవలేదు, విప్పింది లేదు. మచ్చలు వెతికినా కనబడవు. తోడల్లుడు ఇద్దరికీ నాటకం టిక్కెట్లు తెస్తానన్నాడు. ఎవరు బిగించారని అడిగాడు. మా ఆవిడని చెప్పాను. నమ్మలేదు. గోడ చూపించాను.

పొద్దున టీ తాగాక సూదుల దిండు మళ్లీ నా ముందు పెట్టింది. దాని మీద ఒక్కటే సూది, గోనెసంచులు కుట్టేది, బెజ్జం వేలు దూరేంత ఉంది. పక్కన ఎర్రటి లావు దారం.

"రోజుకొకటి. డాక్టరు చెప్పిన పేజీతో పాటు," అంది. తీగ ఇస్తావా అంటే, అది నాదంది.

తనేమో ఇటు తిరిగి చూడకుండా కిటికీ దగ్గర పని చూసుకుంటున్నట్టు నటించింది. పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు సూది కింద పడింది, ఒకసారి దాన్ని తిట్టాను.

దారం ఎక్కింది.